అల్లికసూది కింద అక్షరం

మెదక్ పక్కన హవేలిఘనపూర్‌లో డైట్ ఉంది. ఇంటర్ దాటి వచ్చినవాళ్లు చిన్నపిల్లలకు చదువు చెప్పడం అక్కడ నేర్చుకుంటారు. నిన్నమొన్నటిదాకా బెంచీల మీద కూర్చున్నవాళ్లే రేపటి సార్లు, టీచర్లు. వాళ్ల తరగతి గోడకు ఒక్క బొమ్మ తగిలించమంటే నేను షార్దాన్ ‘చిన్న పంతులమ్మ’నే తగిలిస్తాను.

షార్దాన్ (1699–1779) ఫ్రెంచి చిత్రకారుడు. 1735 ప్రాంతంలో వేసిన ఈ తైలవర్ణ చిత్రాన్ని 1740లో పారిస్ సలోన్ ప్రదర్శనలో పెట్టాడు. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఎత్తూ వెడల్పూ రెండడుగుల పైచిలుకు, అంతే.

అందులో ఉన్నది ఇద్దరే. పంతులమ్మ కూడా ఇంకా పిల్లే. చెల్లెలికి ఓనమాలు దిద్దించే అక్కలా ఉంటుంది. ఎదురుగా టోపీ పెట్టుకున్న పసిబిడ్డ, ఇద్దరి మధ్యా తెరిచిన పుస్తకం. వెనక గోడ ఉత్త మట్టిరంగు. నల్లబల్ల లేదు, బెత్తం లేదు.

పంతులమ్మ చేతిలో అల్లికసూది ఉంది. అప్పటిదాకా ఏ మేజోడో అల్లుతూ ఉండి, దాన్నే అక్షరం కింద పెట్టినట్టుంది. మన ఇళ్లలో పెద్దబాలశిక్ష ముందేసుకుని చీపురుపుల్లతో చూపించేవాళ్లు, అచ్చం అలాగే. బొమ్మ మొత్తంలో ఇంత సన్నటి గీత మరొకటి కనిపించదు. చూసేవాళ్ల కన్ను దాని వెంటే జారి పుస్తకం మీదికి వెళ్లిపోతుంది. బిడ్డ బొద్దుచెయ్యి కూడా అక్కడే ఉంది.

ఇక ముఖాలు. పంతులమ్మ ముఖం పక్కనుంచి కనిపిస్తుంది. నుదురు, ముక్కు, గడ్డం గోడ మీద చెక్కినంత స్పష్టం. బిడ్డ ముఖానికి మాత్రం అంచుల్లేవు. బుగ్గల రంగు మెత్తగా చుట్టూ ఉన్న నీడలోకి కలిసిపోతుంది. ఒకే కుంచె, ఒకే వెలుతురు, రెండు పద్ధతులు. చదువు వచ్చిన ముఖానికి గీత పడింది, చదువుకుంటున్న ముఖానికి ఇంకా పడలేదు. నేనైతే దాన్ని అలాగే చదువుకుంటాను.

నేర్చుకోవడంలోని కష్టం షార్దాన్‌కు తెలుసు. ఏడెనిమిదేళ్లకే చిత్రకళలో పడిన పిల్లల అవస్థలు చెప్పి, బొమ్మల మీద తీర్పు చెప్పేవాళ్లను కాస్త మెత్తబడమని ఆయన కోరిన సంగతి 1765 నాటి సలోన్ సమీక్షలో ఫ్రెంచి రచయిత దిదెరో రాశాడు.

డైట్ పిల్లలు ఈ బొమ్మ ముందు నిలబడితే ముందుగా ఆ సూది పట్టుకున్న చేతిని చూడమంటాను. అందులో విసురు లేదు, తొందర లేదు. బిడ్డ నోట అక్షరం వచ్చేదాకా అక్కడే ఆగి ఉంది.