అడిగితే తెలిసే అర్థశాస్త్రం

చిలీ రాజధాని శాంటియాగోలో సిటీ బస్సులు నడిపేది ప్రైవేటువాళ్లు. 2007 దాకా ఎంతమంది ఎక్కితే డ్రైవరుకు అంత రాబడి. కూడళ్ల దగ్గర కాగితం, పెన్సిలు పట్టుకుని కొందరు నిలబడేవారు. ముందు బస్సు వెళ్లి ఎన్ని నిమిషాలైందో వచ్చిన డ్రైవరుకు చెప్పి చిల్లర పుచ్చుకోవడం వాళ్ల బతుకుతెరువు. ముందు బస్సు ఇప్పుడే వెళ్లిందంటే స్టాపుల్లో జనం ఉండరు. దాన్ని దాటెయ్యాలి, లేదా కాస్త వెనకబడాలి. రోడ్డు మీద పందేలు, ప్రమాదాలు మామూలే.

ఆ ఏడాది ప్రభుత్వం 'ట్రాన్శాంటియాగో' పేరుతో పద్ధతంతా మార్చేసి, డ్రైవర్లకు స్థిరమైన జీతం పెట్టింది. పందేలు తగ్గాయి. కానీ బస్సులు చాలలేదు, మెట్రో కిక్కిరిసిపోయింది, స్టాపులో ఆపకుండా పోయే బస్సుల మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. ఆపినా ఆపకున్నా జీతం అంతే కదా!

ప్రోత్సాహకాల మీద అర్థశాస్త్ర పాఠ్యపుస్తకం చెప్పేది ఇదే: రాబడి వచ్చే తీరు మారితే మనుషుల తీరూ మారుతుంది. కాకపోతే డ్యూక్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మైక్ మంగర్ నోట శాంటియాగో బస్సుల ముచ్చట వింటే మరచిపోం. ఆయన్ని పదేపదే పిలిచి మాట్లాడించేది రస్ రాబర్ట్స్. 2006లో 'ఎకాన్‌టాక్' అనే పాడ్‌కాస్ట్ మొదలుపెట్టిన ఈ అమెరికన్ ఆర్థికవేత్త ప్రతి సోమవారం ఒకరితో గంటకు అటూఇటూగా మాట్లాడతాడు. ప్రసిద్ధ ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ తాను చనిపోయిన ఏడాదే ఇందులో మాట్లాడాడు. వైద్యులు, కవులు, రచయితలు కూడా వచ్చారు.

రాబర్ట్స్ నేర్పు ప్రశ్నలో ఉంది. అతిథి ఒక సిద్ధాంతం చెప్పగానే ఉదాహరణ అడుగుతాడు. విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గా అర్థమైందా అంటాడు. తాను మార్కెట్ పక్షపాతినని దాచుకోడు. అయితే తన పక్షం అతిథి వచ్చినప్పుడు ప్రశ్నల పదును కాస్త తగ్గుతుందని నాకనిపిస్తుంది. వినేవాళ్లు ఆ సంగతి మనసులో పెట్టుకోవాలి.

అడిగి తెలుసుకోవడం ఆర్థికవేత్తలకు కొత్తేం కాదు. రోనాల్డ్ కోస్ లండన్‌లో విద్యార్థిగా ఉండగా, 1931-32లో అమెరికా వెళ్లి ఫోర్డ్, జనరల్ మోటార్స్ కర్మాగారాలు చూశాడు. కొన్ని విడిభాగాలు సొంతంగా ఎందుకు తయారు చేసుకుంటారు, కొన్ని బయట ఎందుకు కొంటారు? అదే ఆయన ప్రశ్న. దానికి దొరికిన సమాధానమే 1937 నాటి వ్యాసం. 1991లో ఆయనకు నోబెల్ రావడానికి అదీ ఒక కారణం. నూటొక్కేళ్ల వయసులో, 2012లో, ఆయన కూడా ఎకాన్‌టాక్‌లో మాట్లాడాడు.

ఇలా అడిగి తెలుసుకునే పని మన దగ్గరా జరిగింది. 1975లో పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు నాటి మహబూబ్‌నగర్ జిల్లా డోకూరు వంటి ఊళ్లలో తమ మనుషుల్ని కాపురం పెట్టించారు. ఊరికి నలభై కుటుంబాలు ఎంచుకుని పంట, కూలి, అప్పు, ఖర్చు అన్నీ మళ్లీమళ్లీ అడిగి రాయించారు. ఆ లెక్కల మీద ప్రపంచమంతటా పరిశోధనలు జరిగాయి. డోకూరు రైతు మాట మాత్రం, నాకు తెలిసినంతలో, తెలుగు పాఠకుడి దాకా రాలేదు.

అందుకే ఒక కోరిక. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ ఏజెంటునీ, సిరిసిల్ల మరమగ్గాల ఆసామినీ, దుబాయి నుంచి తిరిగొచ్చిన మేస్త్రినీ కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా గంటసేపు మాట్లాడించే తెలుగు కార్యక్రమం ఒకటి ఎవరైనా మొదలుపెట్టండి.