దర్సె నిజామీ: పాఠ్యప్రణాళికగా ఒక విమర్శ

పాఠ్యప్రణాళిక అంటే గ్రంథాల పట్టిక అనే అభిప్రాయం మన మదరసాలలోనే కాదు, కళాశాలలలో కూడా గట్టిగా నాటుకొని ఉంది. ఈ అభిప్రాయం ఎంతవరకు సమర్థనీయమో తేల్చుకోవాలంటే దర్సె నిజామీని నిష్పాక్షికంగా పరిశీలించాలి.

లక్నోలోని ఫరంగీ మహల్‌లో ముల్లా నిజాముద్దీన్ (మరణం 1748) దీనికి రూపమిచ్చారు. ఆయన ఉద్దేశాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం. ఒక్కొక్క శాస్త్రంలో ఒకటి రెండు గ్రంథాలు, అవీ క్లిష్టమైనవి, క్షుణ్ణంగా చదివిస్తే తక్కినవాటిని విద్యార్థి తనంతట తానే చదువుకోగలడు. నేర్పదలచింది గ్రంథాన్ని కాదు, గ్రంథం చదివే శక్తిని. ఆనాటి ప్రభుత్వానికి ఖాజీలు, ముఫ్తీలు, దివానులలో పనిచేసేవారు కావాలి. వాదాన్ని విప్పి చూడగల బుద్ధి వారికి అవసరం.

చిక్కు ఆచరణలో వచ్చింది. తర్కశాస్త్రం వరుస చూడండి: సుగ్రా, కుబ్రా, ఈసాగోజీ, తహ్జీబ్, షరహ్ తహ్జీబ్, ఖుత్బీ, మీర్ ఖుత్బీ, సుల్లముల్ ఉలూమ్. వీటిలో ఖుత్బీ 'షమ్సియ్యా' అనే గ్రంథానికి వ్యాఖ్యానం. మీర్ ఖుత్బీ ఆ వ్యాఖ్యానానికి టిప్పణి. మరి హదీసుకో? ఒక్క మిష్కాత్. ఖుర్ఆన్ వ్యాఖ్యానానికి జలాలైన్, బైజావీలో కొంతభాగం. 1866లో స్థాపితమైన దేవ్‌బంద్ మదరసా ఆరు హదీసు సంకలనాలకూ ప్రాధాన్యమిచ్చి ఈ లోటు తీర్చింది. కాలక్రమాన తర్కం వాటా తగ్గిన మాట కూడా నిజమే. కాని 1837లో న్యాయస్థానాలలో ఫార్సీ స్థానం పోయి ఆ ఉద్యోగాల దారి మూసుకుపోయిన తర్వాత, ఈ చదువు ఎవరికోసం, దేనికోసం అన్న ప్రశ్నను పట్టిక తనకు తాను వేసుకోలేదు. 1894 నాటి నద్వతుల్ ఉలమా ఉద్యమమూ, అల్లామా షిబ్లీ నుమానీ (1857-1914) పడిన పాట్లూ ఈ ప్రశ్న చుట్టూ తిరిగినవే.

ఇబ్నె ఖల్దూన్ తన 'ముఖద్దిమా'లో (1377) బోధనకు మూడు ఆవృత్తులు చెప్పాడు. మొదట ప్రతి అధ్యాయంలోని ముఖ్యవిషయాలు స్థూలంగా, రెండవసారి వివరణతో, మూడవసారి ఏ సందేహమూ మిగలకుండా. దర్సె నిజామీ కూడా చిన్న గ్రంథం నుండి పెద్ద గ్రంథానికే పోతుంది గదా అని కొందరు సమర్థిస్తారు. పోలిక పైపైదే. ఇబ్నె ఖల్దూన్ పద్ధతిలో విషయం విస్తరిస్తుంది. ఇక్కడ తరచు విస్తరించేది మాటల మీద చర్చ. బిగించి కుదించిన సంగ్రహాలు ప్రారంభకుని శక్తినంతా పదాలతో పెనుగులాడటానికే ఖర్చు చేయిస్తాయని ఆయన హెచ్చరించాడు కూడా!

ఇప్పుడు మన సంగతి. తెలుగు మాధ్యమంలో చదివి ఇస్లామీయ అధ్యయనాలకు వచ్చిన యువకుడు ఉర్దూను కూడబలుక్కొని చదువుతాడు. చాలాచోట్ల మొదటిరోజు అతని చేతికి అందేది గ్రంథాల పేర్లు, మార్కుల లెక్క ఉన్న కాగితం. ఈ గ్రంథమే ముందెందుకు, వారానికి ఎంత చదవాలి, అర్థంకాకపోతే ఎవరిని అడగాలి అన్నవి అందులో ఉండవు. ఇది తనకోసం కాదేమో అనుకొని అతడు వెనుదిరిగితే తప్పెవరిది? ఇమామ్ గజాలీ (రహ్మ) 'ఇహ్యా'లో గురువు విధులు చెబుతూ శిష్యులను కన్నబిడ్డలవలె చూడటాన్ని మొట్టమొదట పెట్టారు. బుద్ధికి అందనిదాన్ని వారిమీద వేయరాదనీ అన్నారు. ఆ వాత్సల్యం ఈ కాగితంలోనే కనిపించాలి.

'మిష్కాత్, మొదటి భాగం' అని వ్రాసి ఊరుకోకుండా ఇలా వ్రాయవచ్చు: సంవత్సరాంతానికి విద్యార్థి ఒక హదీసు ఇస్నాద్ చూసి ఎవరు ఎవరినుండి విన్నారో గుర్తించగలగాలి, ఒకే విషయంపై రెండు హదీసులు భిన్నంగా తోచినప్పుడు ఫఖీహులు వాటినెలా సమన్వయించారో చెప్పగలగాలి. దీనివల్ల ప్రమాణాలు పడిపోతాయని భయపడేవారున్నారు. నిజానికి గ్రంథం పేరు వ్రాసి వదిలేయడంకన్నా ఇదే కఠినమైన పరీక్ష. మొదటి నెలలో తెలుగు వివరణ, తర్వాత తెలుగు అనువాదం పక్కన పెట్టుకొని అరబీ మూలం, చివరి నెలల్లో మూలం ఒక్కటే. ఈ క్రమాన్ని ప్రణాళికలోనే అచ్చువేయాలి. ఉపాధ్యాయుని ఓపికకు వదిలిపెట్టరాదు.