లేపి నిలబెట్టే నేర్పు

మంచం మీది మనిషిని కుర్చీలోకి మార్చడం ఎంత బరువైన పనో చేసేవారి నడుముకే తెలుసు. ఎంత అనుకూలంగా ఉన్నా చేతులతో ఎత్తే రోగి బరువు సుమారు 16 కిలోలు దాటకూడదని అమెరికా పరిశోధకుడు థామస్ వాటర్స్ 2007లో సూచించారు. మిగతా బరువు మోయడానికే కూర్చున్నవారిని లేపి నిలబెట్టే, బ్యాటరీతో నడిచే సిట్-టు-స్టాండ్ లిఫ్టు ఉంది.

యంత్రాన్ని మించినది దాన్ని వాడే ఆయమ్మ నేర్పు. రోగి మంచం అంచున కూర్చోగలరా, కాలిమీద కొంతైనా బరువు మోపగలరా, పిడి పట్టుకోగలరా, చెప్పింది అర్థమవుతోందా అని ముందే చూస్తుంది. కాదనిపిస్తే పూర్తిగా ఎత్తే లిఫ్టే అడుగుతుంది. ఒంటికి సరిపడే స్లింగు (వీపు చుట్టూ వేసే పట్టీ), లిఫ్టు మోయగల బరువు, చార్జింగు సరిచూసుకుంటుంది. వీల్‌చైర్‌కు బ్రేకు వేసి, రోగి పాదాలు లిఫ్టు పలకపై ఆనించి, మోకాళ్లను మెత్తకు చేర్చి, బెల్టు బిగిస్తుంది. “తాతగారూ, లేద్దామా?” అని అడిగాకే బటన్ నొక్కుతుంది. స్లింగు చంకల్లోకి ఎగబాకితే వెంటనే దించేస్తుంది.

మోటారు సాయమే చేస్తుంది, లేచేది ఆయనే. మిగిలిన సత్తువను ఆయన చేతే వాడించడం ఈ పనిలోని గొప్పతనం. ఇంత తెలిసిన మనిషికి మంచి జీతం, శిక్షణ, గౌరవం మూడూ దక్కాలి.