మూడింట రెండు వంతుల పెదవి
(ఫార్కస్ హార్న్ పుస్తకం గురించి)

ఫిలిప్ ఫార్కస్ 1956లో రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ ఫ్రెంచ్ హార్న్ ప్లేయింగ్’ మా ఇంట్లోకి మా అమ్మాయి స్కూలు బ్యాండుతో పాటు వచ్చింది. నాకు హార్న్ ఊదడం రాదు. నాలుగేళ్ళుగా పక్కగదిలోంచి వింటున్నాను, పుస్తకం రెండుసార్లు చదివాను. ఆ అర్హతతోనే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ వాయిద్యంతో వచ్చే చిక్కు చెప్పాలి. ఎఫ్ హార్న్ చుట్టలన్నీ విప్పి సాగదీస్తే గొట్టం సుమారు 12 అడుగులు. అందులో సహజంగా పలికే హార్మోనిక్స్ పైకి వెళ్ళేకొద్దీ దగ్గర దగ్గరగా వచ్చేస్తాయి. ఎనిమిదో దాని నుంచి పదహారో దాని దాకా అన్నీ ఒక్క స్థాయిలోనే ఇరుక్కుని ఉంటాయి. ఎడమచేతి వేళ్ళు మీటల మీద సరిగ్గానే ఉన్నా, పెదవి వెంట్రుకవాసి తప్పితే పక్కస్వరం పలుకుతుంది. మీటలు లేని కాలంలో ఈ హార్న్ ఊదిన లాయిట్‌గెబ్ కోసం 1783లో కాన్సర్టో రాస్తూ, మోజార్ట్ ఆయన్ని గాడిద అనీ ఎద్దు అనీ వెక్కిరించాడు. స్నేహం కొద్దీ అన్నమాటే అనుకోండి!

ఫార్కస్ చికాగో సింఫనీలో ప్రధాన హార్న్ వాదకుడు. చేసి చూసినవాడి ధీమా ఆయన రాతలో ఉంది. పెదవులు ఈల వేసేటప్పటిలా ముడుచుకోవాలి, నవ్వినప్పటిలా సాగాలి; రెండూ ఒకదాన్నొకటి లాగి పట్టాలంటారు. ఇంత చిన్న కండరాల పని ఇంత తేటగా చెప్పగలగడం సామాన్యం కాదు. గొడవంతా కొలతతోనే వచ్చింది. మౌత్‌పీస్ మూడింట రెండు వంతులు పై పెదవి మీద, ఒక వంతు కింది పెదవి మీద ఆనాలన్నారాయన. ఫొటోలు కూడా వేశారు. ఫొటో పక్కన అంకె కనిపిస్తే చదివేవాళ్ళకి అది శాసనం అయిపోతుంది.

మా అమ్మాయికి అదే అయింది. ఒక టీచరు ఆడిషన్‌కి మూడు వారాల ముందు ఈ కొలత పట్టుకుని మౌత్‌పీస్ పైకి జరిపించారు. అప్పటిదాకా నిలిచిన స్వరాలు ఒక్కటీ నిలవలేదు. పిల్ల అద్దం ముందు కూర్చుని పెదవి చూసుకోవడమే తప్ప తన శబ్దం వినడం మానేసింది. ఆడిషన్ పోయింది. హార్న్ పెట్టె మంచం కిందకి చేరింది.

నిజానికి ఫార్కస్ తన మాటకే కట్టుబడి కూర్చున్న మనిషి కాదు. ఊపిరి నేరుగా మౌత్‌పీస్‌లోకి వెళ్ళాలని 1962 నాటి పుస్తకంలో వాదించారు. తర్వాత నలభైమంది పేరున్న హార్న్ వాదకుల పెదవుల్ని ఫొటోలు తీయించి 1970లో ప్రచురించారు. వాళ్ళలో చాలామంది కిందివైపుకే ఊదుతున్నారని తేలితే, ఆ సంగతి దాచలేదు. నా మటుకు నాకు ఆయన మీద గౌరవం అక్కడ పెరిగింది. కానీ పాత పుస్తకం చదివినంతమంది ఈ రెండోది చదవరు.

మొదటి పుస్తకంలో నిజంగా పనికొచ్చేది దీర్ఘస్వరాల సాధన. వినీ వినపడనంత మెల్లగా మొదలుపెట్టి, స్వరం చెదరకుండా పెంచి, మళ్ళీ అంత మెల్లగానూ దించాలి. వినడానికి విసుగు, ఊదడానికి నరకం! ఆ ఏడాది విజయవాడ నుంచి వచ్చిన మా అత్తగారు విని, “ఇది మా మాస్టారు తెల్లవారుజామున చేయించిన మంద్రస్థాయి సాధకమే కదమ్మా” అన్నారు. మనవరాలి మంచం కింద నుంచి పెట్టె తీయించింది కూడా ఆవిడే. పక్కన కూర్చుని, ఊదబోయే స్వరాన్ని ముందు పాడించేవారు. ఊదినంతసేపూ మళ్ళీ విశ్రాంతి. పెదవి తిమ్మిరెక్కితే ఆ పూటకి అంతే. అద్దం మాత్రం గదిలో ఉండకూడదన్నారు.

ఇప్పుడు మా అమ్మాయి మౌత్‌పీస్ సగానికి కాస్త పైన ఉంటుంది. మూడింట రెండు వంతులు లేదు. కొత్త టీచరు దాని జోలికి పోలేదు.

ఈ పుస్తకం కొనేవాళ్ళు దీర్ఘస్వరాల భాగం ముందు చదవండి. ఫొటోల దగ్గరికి వచ్చేటప్పుడు 1970 నాటి పుస్తకం కూడా పక్కన పెట్టుకోండి. ఆ నలభై మూతుల్లో ఏ రెండూ ఒక్కలా లేవు.