ద్రాక్షారామ స్థపతి యెవరు?

ద్రాక్షారామ భీమేశ్వరాలయమును చాళుక్య భీముడు కట్టించెనని బాలురు సైతము చెప్పుదురు. కట్టినవాడెవడని యడిగినచో పెద్దలును మాటాడరు. అచట లింగము రెండంతస్తుల పొడవున నిలిచియున్నది. క్రింద పాదమును దర్శించి, మెట్లెక్కి పైన నభిషేకము చూడవలెను. ఒక్క శిలకై రెండు గదుల నొకదానిపై నొకటి నిలుపుట సామాన్యమైన నేర్పు కాదు. రాళ్లపై శాసనములు వందలు గలవు. అఖండదీపమునకై గొఱ్ఱెల నిచ్చినవారి పేళ్లు నేటికిని చదువుకొనుచున్నాము! స్థపతి మాట వచ్చినప్పుడు మాత్రము, దేవతలు రాత్రికి రాత్రి కట్టిరని కథ చెప్పి తప్పుకొందుము.

ఆ పదవ శతాబ్దపు చివర ఆర్మీనియా రాజుల కొలువున త్రదాతు అను స్థపతి యుండెను. 989లో భూకంపమున కాన్‌స్టాంటినోపిలునందలి హేగియా సోఫియా గుమ్మటము కొంత కూలగా, దానిని బాగుచేసిన దితడే. ముందు నమూనా చేసి, పిదప పనికి దిగెనట. 994లో గుడి మరల తెఱవబడెను. అనీ నగరమున 1001లో ముగిసిన పెద్ద చర్చియు నితని పనియే. ఆ కాలపు చరిత్రకారుడు స్తెపానోసు తన గ్రంథమున నతని పేరు వ్రాయుటచేతనే యిది మనకు తెలిసినది. మన పండితులు రాజులకు బిరుదావళులు కూర్చిరి. ఉలిపట్టిన చేతిని తక్కువగ జూచుచు, అది చెక్కిన రాతికి మ్రొక్కుట మన కలవాటైనది.

పాలంపేటలో మాత్రము, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిని జనులు రామప్ప గుడి యనుచున్నారు. రామప్ప శిల్పియని ప్రతీతి. శాసనము రుద్రునిదే.