సోర్సు నుంచి కట్టుకునేవాళ్లు

బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో పాల్గొనే సాఫ్ట్‌వేర్ బిట్‌కాయిన్ కోర్‌ను తయారుగా ఉన్న ఫైలు దించుకుని నడిపేవాళ్లే ఎక్కువ. దాని సీ ప్లస్ ప్లస్ సోర్సు కోడ్ తెచ్చుకుని, ఇంట్లో డెస్క్‌టాప్ మీద తామే కంపైల్ చేసుకునే కొద్దిమందంటే నాకు చాలా గౌరవం.

గిట్‌తో కోడ్ దించుకోవాలి, విడుదల ట్యాగ్ మీది సంతకం సరిచూడాలి, బూస్ట్, లిబ్‌ఈవెంట్ లాంటి లైబ్రరీలు అమర్చాలి, సీమేక్ అనే బిల్డ్ సాధనం నడపాలి. 29వ వెర్షన్‌కు ముందు సీమేక్ స్థానంలో ఆటోటూల్స్ ఉండేవి. పాత వాలెట్ ఫైళ్లతో పొత్తు కుదరాలంటే బర్క్‌లీ డీబీ 4.8నే వెతికి పట్టుకోవాల్సి వచ్చేది. ఆ రోజుల్లో చేసినవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. ర్యామ్ చాలకపోతే కంపైలర్ మధ్యలోనే ఆగిపోతుంది. ఒకేసారి నడిచే పనులు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి. చివర్లో టెస్టులన్నీ నెగ్గాకే దానికి డబ్బు అప్పగించేది.

మరి కంపైలరే మోసం చేస్తే? కెన్ థాంప్సన్ ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో లేవనెత్తిన ప్రశ్న అది, 1984లో అచ్చయింది. 2021 నాటి 22.0 విడుదలతో బిట్‌కాయిన్ కోర్ గీక్స్ (Guix) అనే బిల్డ్ పద్ధతికి మారడం ఆ భయాన్ని చాలావరకు తగ్గించింది. ఆ పద్ధతిలో వేర్వేరు మనుషులు ఎవరి యంత్రం మీద వాళ్లు కట్టినా ఒక్క బిట్ తేడా రాకూడదు. హాష్‌లు పోల్చుకుని, ఎవరి సంతకం వాళ్లు పెడతారు. ఎవరి మాటా నమ్మనక్కర్లేని డబ్బుకు ఇంతకన్నా తగిన కాపలా లేదు.

కోడ్‌తోపాటే లినక్స్, విండోస్, మ్యాక్‌లకు విడివిడిగా సూచనలు వస్తాయి. తీరిక ఉంటే ఒకసారి కట్టి చూడండి.