ఒడుపులో రెండు దారులు

తైచీ, ఐకిడో రెండూ మెత్తని యుద్ధకళలు. ఎదుటివాడి బలాన్ని బలంతో ఆపవు. అది పోయే దారినే పోనిచ్చి, అతణ్ణి తూకం తప్పిస్తాయి. దీనికి తెలుగులో చక్కని మాట ఒడుపు. కావలి పక్కన తుమ్మలపెంటలో పడవను నీళ్లలోకి దించేవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. అలకు పక్క చూపిస్తే పడవ బోల్తా పడుతుంది. ముక్కు చూపిస్తే ఆ అలే పడవను ఎత్తి దాటిస్తుంది.

తైచీ పుట్టిల్లు చైనాలోని హెనాన్ రాష్ట్రం. అక్కడి చెన్ కుటుంబపు ఊళ్లో 17వ శతాబ్దంలో చెన్ వాంగ్‌టింగ్ దీన్ని కూర్చాడని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ ఇంటి విద్యను యాంగ్ లుచాన్ (1799–1872) నేర్చుకుని బీజింగ్ చేర్చాడు. నేడు పార్కుల్లో కనిపించే 24 భంగిమల వరుస మాత్రం 1956లో కుదించినది. జపాన్‌లో పుట్టిన ఐకిడో వయసులో ఇంకా చిన్నది. దాన్ని రూపొందించిన మోరిహేయి ఉయెషిబా (1883–1969) హొక్కైదోలో 1915లో తకెదా సొకాకును కలిసి దైతో-ర్యూ అనే యుద్ధవిద్య పట్లు నేర్చాడు. వాటికి కత్తిసాము అడుగులూ, ఓమోతో మతం ఇచ్చిన విశ్వాసమూ జోడించాడు. ఐకిడో అన్న పేరు 1942లో స్థిరపడింది.

తైచీలో చేయి తగిలాకే అసలు పని మొదలవుతుంది. మణికట్టు మీద ఆనిన స్పర్శను బట్టి ఎదుటివాడి బరువు ఏ కాలి మీద ఉందో పసిగడతారు. చైనీయులు దాన్ని బలాన్ని 'వినడం' అంటారు, ఎంత అందమైన మాటో! ఐకిడోలో సగం పని తాకకముందే అయిపోతుంది. దాడి వచ్చే గీత తప్పించి లోపలికి అడుగేయడం ఇరిమి. పాదం మీద గిర్రున తిరిగి, ఎదుటివాడు చూసే దిక్కే చూడటం తెంకన్.

కావలిలో పొద్దుటి నడకకు వచ్చే పెద్దలు కొందరు ఈమధ్య ఫోన్‌లో చూస్తూ తైచీ చేస్తున్నారు. సంతోషించవలసిన సంగతే. పెద్దవయసులో పడిపోయే ప్రమాదాన్ని అది తగ్గిస్తుందని వైద్య పరిశోధనలు పదేపదే చూపాయి. గురువు లేని విద్య గుడ్డి విద్య అని ఈ కాలమ్ ఎన్నోసార్లు పట్టుబట్టింది. అయినా తైచీ ఒంటరివాళ్ల కళ, ఐకిడో జోడీ ఉన్నవాళ్ల కళ అని సర్దుకుంటే సరిపోయేట్టే ఉంటుంది.

అలా సర్దుకోవడం తప్పు. ఐకిడో సాధనలో దాడిచేసేవాడికి ఏ దాడి చెయ్యాలో ముందే తెలుసు, చివరికి దెబ్బ తగలకుండా పడటమూ అతని పాఠమే. ప్రధాన సంప్రదాయంలో పోటీలు లేవు. తొమికి కెంజి శాఖ వాటిని తెచ్చింది. తైచీలోని తుయిషౌ, అంటే చేతులు నెట్టుకోవడం, అలా కాదు. ఇద్దరిలో ఎవరూ పడటానికి ఒప్పుకోరు. పెద్దల వ్యాయామం అనుకునేదాంట్లోనే మెత్తదనానికి గట్టి పరీక్ష ఉంది. ఫోన్ నేర్పేది అందులో సగమే. మిగతా సగం మరో మనిషి చేతిలో ఉంటుంది.

ఐకిడో సాధనకు చాపలు పరిచిన గది కావాలి. తుయిషౌకు నాలుగడుగుల నేల చాలు. ఇద్దరూ ఎదురెదురుగా, కుడికాలు ముందుకేసి, కుడి మణికట్లు వెనకవైపుల ఆనించి నిలబడతారు. పాదాలు కదలకూడదు. ఒకరు నెమ్మదిగా ముందుకు నెడతారు, రెండోవారు నడుము తిప్పి దాన్ని పక్కకు పోనిస్తారు.